తీరికవేళల అల్లిక

ఇంట ఆడపడుచునకో కోడలికో నెలలు నిండుచున్నవనగా, ఆ యింటి స్త్రీలలో నెవరో యొకరు నాలుగు రంగుల దారపుండలు తెప్పించుకొని, రాబోవు పసిపాపకు చారల దుప్పటి అల్లుట కారంభింతురు. చూడవచ్చిన చుట్టములలో నొకరైనను, "కొద్ది వందల రూపాయలకే అంగడిలో మెత్తని దుప్పట్లు దొరకుచుండగా ఈ శ్రమ యెందుకమ్మా?" అని అడుగక మానరు. అల్లుచున్నామె తల యెత్తకయే, "శ్రమ యేమున్నదండీ, తీరికవేళ కాలక్షేపము" అనును. ఈ ప్రశ్నయు ఈ జవాబును మనము నిత్యము వినునవే. అడిగినవారును మరచిపోవుదురు, చెప్పినామెయు మరచిపోవును. కాని ఆ జవాబులో నొక చిక్కు దాగియున్నది. దానిని విప్పి చూచుట యీ వ్యాసముయొక్క పని.

అడిగినవారిని తప్పుపట్టరాదు. లెక్క వారి పక్షముననే యున్నది. మంచి నూలుదారము కొన్నచో దారపు వెలయే యంత్రపు దుప్పటి వెలను మించిపోవుట కలదు. మన్నిక యందురా, యంత్రపు నేత మన్నికలో తీసిపోవునది కాదు. మెత్తదన మందురా, అదియు నంతే. అందమందురా, అంగడిదానిలో ఒక్క వంకరవరుస యైనను కానరాదు; మన చేతిపనిలో నాలుగైనను ఉండును. ఇట్లు ఒక్కొక్క వాదము చేయిజారిన పిమ్మట, చేతియల్లికను సమర్థించువారు చివర ప్రేమయను మాటను పట్టుకొందురు. ఆ మాట అబద్ధమని నే ననను. కాని అది యెంత తీయనిదో అంత జారుడుగలది. ఒక యింట మన యాదరమునకు పాత్రమైన ఆ మాటయే వేరొకచోట వేలకొలది స్త్రీల కూలిని కనబడకుండ చేసినది. ప్రేమతో చేసిన పని యనుటకును, లెక్కకు రాని పని యనుటకును భేదమున్నదా, లేదా? ఉన్నచో మనము దానిని పాటించుచున్నామా?

ముందు ఆ పని యెట్టిదో చూతము. పని తెలియక దాని విలువను గూర్చి తర్కించుట నేలవిడిచి సాము.

క్రోషే యనునది ఫ్రెంచిమాట. చిన్నకొక్కెమని దాని యర్థము. మనవారు క్రోషియా యందురు. గోదావరి ప్రాంతమున లేసు అల్లిక యనియే వాడుక. కొనయందు కొక్కెముగల సూది యొకటి, దారపుండ యొకటి: పరికరము లింతే. రెండు సూదులతో ఊలు అల్లునప్పుడు వరుసలోని ఉచ్చులన్నియు ఒకేసారి సూదిమీద తెరచుకొని యుండును; సూది జారెనా, అన్నియు జారును. క్రోషియాలో నట్లు కాదు. ఒక కుట్టు ముగిసినప్పుడు చూచినచో తెరచియున్న ఉచ్చు ఒక్కటియే; వెనుకటి కుట్లన్నియు ముడివడి స్థిరపడినవే. పొయ్యిమీద పాలు పొంగినను, వాకిట నెవరైన పిలిచినను, ఆ యొక్క ఉచ్చును కొంచెము పొడవుగా లాగి ప్రక్కన పెట్టి లేవవచ్చును. పూట గడచి వచ్చినను పని విడిచినచోటనే యుండును. ఈ గుణమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో ముందు అవసరము కలుగును.

పసిపాప దుప్పటికి నా కెరుకైన అల్లికలలో మిక్కిలి సులువైన దొకటి కలదు. దానిలో కుట్లు రెండే. సూదిని క్రిందివరుసలోని కుట్టులో గ్రుచ్చి దారము లాగి, సూదిమీది రెండుచ్చులలోనుండి మరల దారము లాగినచో అది పొట్టికుట్టు. గ్రుచ్చుటకు ముందే దారమును ఒకసారి సూదికి చుట్టి, గ్రుచ్చి లాగిన పిమ్మట ఉచ్చులను రెండేసి చొప్పున రెండుమారులు విడిపించినచో అది పొడుగుకుట్టు. కావలసిన వెడల్పునకు సరిసంఖ్యగా కుట్లు లెక్కించుకొని, వానికంటె ఒకటి అధికముగా గొలుసు వేసికొనవలెను. మొదటివరుస పొట్టి, పొడుగు, పొట్టి, పొడుగు అని సాగి పొడుగుతో ముగియును. ఒక గొలుసు వేసి పని త్రిప్పినచో, ఎదురుగా మొదట తగులునది ఆ పొడుగుకుట్టే. దానిమీద పొట్టి వేయవలెను. దాని ప్రక్కనున్న పొట్టిమీద పొడుగు వేయవలెను. ఆ పైవరుసలన్నియు నింతే. ప్రతివరుసయు పొట్టితో మొదలు, పొడుగుతో ముగింపు. పదివరుసలు నడచునప్పటికి, బియ్యపుగింజలు పొదిగినట్లు బట్టమీద మిట్టపల్లములు తేలును. ఇటువైపు, అటువైపు ఒకే తీరు. పసిబిడ్డ దుప్పటి యేవైపు పడినను తిరుగవేయ నక్కరలేదు.

చారలకు రంగు మార్చుటలో ఒక్క మెలకువ కలదు. వరుసలోని చివరికుట్టు సగమై, సూదిమీద రెండుచ్చులు మిగిలినప్పుడే క్రొత్తరంగు దారము నందుకొని లాగవలెను. కుట్టంతయు ముగించి మార్చినచో అంచున పాతరంగు చుక్క యొకటి నిలిచిపోవును. చారలన్నియు నొక్క కొలతలో నుండవలెనను నియమము లేదు. ఇంట మిగిలిన దారములనుబట్టి ఒకటి వెడల్పుగను ఒకటి సన్నముగను వేసినను చూడముచ్చటగనే యుండును. మాసిన చారకంటె వెలిసిపోవు చార చెరుపు గనుక, రంగు నిలుచునో లేదో ముందుగా కొంచెము దారమును తడిపి తెల్లగుడ్డపై అద్ది చూచుట మంచిది.

లేసులో కనబడు సొగసైన రంధ్రములు ఈ పనికి తగవు. చిన్ని వ్రేళ్ళు వానిలో చిక్కుకొనును. కుచ్చులు, వ్రేలాడు పూసలు మొదలే పనికిరావు. దారపు కొనలను నాలుగైదంగుళముల మేర లోపలికి దూర్చి, మరల వెనుకకు త్రిప్పి దూర్చినగాని చాకిరేవు దెబ్బకు నిలువవు. మన యెండలకు ఊలుకంటె నూలే మేలు. ఏడాది నిండని బిడ్డ నిద్రించునప్పుడు ప్రక్కలో వదులు దుప్పట్లుండరాదనియు, అవి ముఖముమీదికి వచ్చి ఊపిరి కడ్డుపడు ప్రమాదము కలదనియు నేటి శిశువైద్యులు ఖండితముగా చెప్పుచున్నారు. కావున ఇది పెద్దల కంటియెదుట, బిడ్డ మేలుకొని యున్నప్పుడు, ఒడిలో కప్పుటకును నేలపై పరచి బోర్లపడనిచ్చుటకును మాత్రమే. నేనింత కష్టపడి అల్లితినే, రాత్రి కప్పరా యని అమ్మమ్మ అలుగవచ్చును. అలిగినను సరే, వైద్యుని మాటయే చెల్లవలెను.

ఇక లెక్క. వరుసకు 120 కుట్లు, మొత్తము 100 వరుసలు అనుకొందము. అవి 12,000 కుట్లు. చేయి తిరిగినామె నిమిషమునకు పది కుట్లు వేయునని యెంచినను 1,200 నిమిషములు, అనగా 20 గంటలు. రంగులు మార్చుట, కొనలు దూర్చుట, తప్పువరుసను విప్పి మరల వేయుట ఇందు చేరలేదు. ఎనిమిదిగంటల పనిదినముల చొప్పున ఇది రెండున్నర దినముల పని. ఇంటి స్త్రీకి ఎనిమిదిగంటలు వరుసగా నెవ్వ రిచ్చెదరు? ఆమెకు దొరకునవి పావుగంటలు. అన్నము ఉడుకువరకు నొక పావుగంట, పిల్లలు బడినుండి వచ్చువరకు నొక పావుగంట. ఎనుబది పావుగంటలు కూడినగాని ఆ దుప్పటి పూర్తికాదు.

ఆ ఎనుబది పావుగంటలలో ఆమె యేమి చేయుచున్నది? పైకి దారమును ముడివేయుచున్నది. లోలోపల ఇంకను ముఖమెరుగని యొక ప్రాణికి చోటు చేయుచున్నది. ఆ బిడ్డ ఆడో మగో, నల్లనో తెల్లనో, బుద్ధిమంతుడో గడుగ్గాయో ఆమెకు తెలియదు. ఆ బిడ్డ పుట్టినను, ఈ దుప్పటి యెవరల్లిరో దానికి చాలకాలము తెలియదు. తెలిసిననాటికి దుప్పటి చాలకపోవును. కృతజ్ఞత చెప్పజాలనివారికి ఇచ్చు ఈవి యిది. వ్రతములు, దానములు మనకు కొల్లలుగా నున్నవి గాని, అందు ఫలాపేక్ష లేనిది యెంతయని తరచిచూచిన నిలుచునవి కొన్నియే. ఈ దుప్పటి నిలుచును.

ఇచట మన యాచారమునుగూర్చి యొక మాట చెప్పకతప్పదు. పుట్టని బిడ్డకు ముందుగా వస్తువులు కూర్చరాదనుట మన కుటుంబములలో చాలవానికి పట్టింపు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ" మను సామెతలోని పరిహాసమువెనుక భయముకూడ నున్నది. పురిటిలోనే పసికందులు పోవుట సామాన్యమైన దినములలో పుట్టిన భయమది; దానిని మూఢత్వమని నవ్వుట తేలిక గాని న్యాయము కాదు. అందుచేత మన పొత్తిగుడ్డలు క్రొత్తవి కావు, పాతవి. అమ్మమ్మ కట్టి కట్టి, ఉతికి ఉతికి వెన్నవలె నైన నూలుచీరను చింపి పొత్తిళ్ళు చేయుదురు. అట్టి చీరలనే పొరలు పొరలుగా పేర్చి సన్నని పరుగుకుట్టు వేసినచో బొంత యగును. మెత్తదనమునకు బొంతను మించినది ఏ దేశమునను లేదని నా నమ్మకము. ముప్పదియేండ్ల వాడుకచే వచ్చిన ఆ మెత్తదనమును ఏ యంత్రమును ఒక్కదినమున తేజాలదు. కావున క్రోషియా దుప్పటిని ఎరువు తెచ్చుకొన్న సొగసుగా నెంచి, దానికై బొంతను చిన్నచూపు చూచు నాగరికత నాకు నచ్చదు. రెంటికిని ఇంట చోటున్నది.

ఇంతవరకు చెప్పినది ఇంటిలోని మాట. ఇక వీధి గడప దాటుదము.

ఊలు అల్లికను యంత్రములు శతాబ్దములనాడే నేర్చినవి. కాని అసలైన క్రోషియా కుట్టును చేతివలె వేసి సరుకుగా తీయు యంత్రము నేటివరకు వాడుకలోనికి రాలేదు. క్రోషియావలె కనబడు యంత్రపు జాలులు కలవు. అవి వేరు నేత. అనగా, అంగడిలో క్రోషియా దుప్పటియో, బల్లమీద వేయు గుడ్డయో, పాపాయి టోపీయో కనబడినచో, అది చౌకదైనను ఖరీదైనదైనను, ఎవరో యొకరు ఒక్కొక్క కుట్టుగా చేతితో వేసినదే. మీరు అల్లిన దానికి 12,000 కుట్లు పట్టినచో, అట్టిదే అంగడిలో నున్నదానికిని అన్నియే పట్టినవి. అది మీ దారపు వెలకే దొరకుచున్నదన్నచో, ఆ యిరువది గంటలును ఎక్కడికి పోయినవి?

ఈ సూదికి తొలినుండియు దారిద్ర్యముతో చుట్టరిక మున్నది. ఐర్లండు దేశమున 1845లో ఉర్లగడ్డపంట తెగులుచే నాశనమై ఘోరక్షామము ప్రాప్తించినపుడు, అచటి మఠములలోని సన్న్యాసినులును ఇతర వనితలును బీదస్త్రీలకు క్రోషియా లేసు నేర్పిరి. ఇతరవిధముల లేసుకంటె ఇది త్వరగా నగుటయు, పరికరము చౌక యగుటయు ఇందుకు కారణములు. ఎందరో ఆ కూలితో ప్రాణములు నిలుపుకొనిరి. ఆ పందొమ్మిదవ శతాబ్దముననే క్రైస్తవమతబోధకుల కుటుంబములలోని స్త్రీలు మన గోదావరి ప్రాంతమునకు లేసుపనిని తెచ్చిరి. మొదట క్రైస్తవమతము పుచ్చుకొన్న బీదకుటుంబముల స్త్రీలు నేర్చిరి. క్రమముగా అది నర్సాపురము, పాలకొల్లు చుట్టుపట్ల పల్లెలకు వ్యాపించి, పొలములకు పోక గడపలోపల నుండుటయే గౌరవమని యెంచు కాపుకుటుంబముల స్త్రీలచేతికిని వచ్చినది. వర్తకులు, దళారులు దారమిచ్చి, అల్లినది తీసికొని, తునకల లెక్కన కూలి యిచ్చి, సముద్రములు దాటించి అమ్ముకొనిరి. 2024లో నర్సాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. పేరునకు రక్షణ కలిగినందుకు సంతోషింపవలసినదే.

1978, 1979 సంవత్సరములలో జర్మనుదేశపు సాంఘికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ పల్లెలకు వచ్చి పరిశోధించి, 1982లో నర్సాపురపు లేసుస్త్రీలను గూర్చి ఆంగ్లమున నొక గ్రంథము ప్రచురించినది. ఆమె కనుగొన్న దానిలో నన్ను మిక్కిలి కలచినది కూలి తక్కువదనము మాత్రమే కాదు. ఇంటిపని యంతయు చేసికొనుచునే ఆ స్త్రీలు దినమునకు ఆరెనిమిది గంటలు లేసు అల్లుచుండిరి. వారికి ముట్టునది పొలమున కూలిచేయు స్త్రీకి ముట్టుదానికంటె తక్కువ. ఇంతయైనను వారిని పనివారని వర్తకులనరు, సర్కారు లెక్కలనవు, ఇంటి మగవారనరు, తుదకు వారే తమ్ము అనుకొనరు. వారు ఇంటియిల్లాండ్రు, అల్లునది తీరికవేళ! లోకపు సంతకు సరుకు చేయుచున్నవారిని గృహిణులని పిలిచి, ఆ పిలుపునే కూలి తగ్గించుటకు సాధనముగా చేసికొనుటను ఆమె గ్రంథమంతట నిరూపించినది.

క్రోషియాసూదికి గల గుణమును జ్ఞాపకముంచుకొనుడని పైన కోరితిని. ఎక్కడ పిలిచిన అక్కడ ఆపి లేవగల పని యది. స్త్రీకి ముక్కలుముక్కలుగా మాత్రమే దొరకు కాలమునకు సరిగా అమరినది. ఆ అమరికయే దానికి శత్రువైనది. ముక్కలలో జరుగు పని గనుక ఎవరికిని పనిగా కనబడలేదు. మరల అదే తీరమునందు బెస్తవారి వాకిటికి పోయి చూడుడు. మగవారు వల అల్లుచుందురు. అదియు దారమే, అదియు ముడులే, అదియు వరుసపై వరుసయే. వేటకు పోని పూట, అరుగుమీద, కబుర్లమధ్య జరుగునదే. వల తీరికవేళ అల్లిక యని ఎవ్వరైన ననగా వింటిమా? అది జీవనోపాధి. లేసు మాత్రము కాలక్షేపము. దారములో లేని భేదము చేతులను బట్టి వచ్చినది. మన బడులలో ఆడపిల్లలకు మాత్రమే కుట్టుపని నేర్పి మగపిల్లలను ఆటకు పంపిన పద్ధతియు ఈ భేదమును పెంచినదే గాని తగ్గించినది కాదు. పది యేండ్ల బాలుడు ఈ రెండు కుట్లను ఒక సాయంకాలమున నేర్వగలడు. తనకు పుట్టబోవు చెల్లెలికి దుప్పటిలో నాలుగు చారలు వేయగలడు. అట్లు వేసినవాడు పెద్దవాడై భార్య చేతిపనిని కాలక్షేపమని యనుటకు ముందు కొంచెము తడుముకొనును.

దీనికి బుద్ధిమంతులు చెప్పు సమాధానము లెరుగుదును. ఊరకనుండుటకంటె నాలుగురూకలు వచ్చుట మేలు కాదా యందురు. కూలి పెంచినచో వెల పెరుగును, వెల పెరిగినచో కొనువారుండరు, అప్పుడు ఉన్నదియు పోవునందురు. ఇవి త్రోసివేయదగిన మాటలు కావు. సరిగా ఈ మాటలే యొకప్పుడు రాట్నమునుగూర్చి వినబడినవి. వడకుటను మొదట సమర్థించినదే తీరికవేళల వాదముతో: రైతుకుటుంబములు ఏడాదిలో కొన్నినెలలు పనిలేక యుండును గనుక, ఆ వేళ వడకినచో వచ్చినంత లాభమని. 1925లో ఏర్పడిన అఖిలభారత చరఖాసంఘము పదియేండ్లు ఆ మార్గముననే నడచినది. 1935లో గాంధీజీయే ఆ వాదమును తిరుగవేసెను. ఎనిమిదిగంటలు శ్రద్ధగా వడకిన స్త్రీకి ఆ దినము కడుపునిండుటకు చాలినంత భృతి ముట్టవలెననియు, గంట కొక అణాయైన నుండవలెననియు ఆయన కోరిక. ఖద్దరు ఇంకను ప్రియమగునని, అమ్మకము పడిపోవునని ఉద్యమములోనివారే భయపడిరి. సంఘము అంత సాహసింపలేక తక్కువతో నారంభించినది. అయినను ఒక ధర్మము స్థాపితమైనది: తీరికవేళ చేసినంతమాత్రమున గంట గంట కాకపోదు. దేశభక్తితో కొనువారు సయితము చౌక కోరుటకు అధికారములేదని చెప్పుటకు గుండెబలము కావలెను. ఆ బలము మన లేసు విషయమున నేటికిని కొనువారిలో కానరాదు. ఇంటివద్ద చేయించి తునకలెక్కన ఇచ్చు పద్ధతి నేటికిని పోలేదు.

ఇక రెండవవైపునుండి వచ్చు ఆక్షేపణ ఇంతకంటె సూక్ష్మమైనది. దానిని నేను గౌరవింతును. ఇంటిలో ప్రేమతో చేయు పనికి గంటలు లెక్కించుట మొదలిడినచో ప్రేమ యేమగును? తల్లి ఉగ్గు పెట్టుటకు ఖాతా వ్రాయవలెనా? అమ్మమ్మ అల్లిన దుప్పటికి చీటీ అంటింపవలెనా? ఇట్లు సర్వమును రూపాయలలోనికి దింపుటయేనా సంస్కరణము?

లెక్కించుట వేరు, వెలకట్టుట వేరు. నేను కోరునది మొదటిది. దానధర్మములను గూర్చిన మన పెద్దల విచారణలో ఒక నియమము కలదు: తనది కాని వస్తువును దాన మీయుటకు ఎవ్వరికిని అధికారము లేదు. దీనిని కాలమునకు అన్వయించి చూడుడు. ఆ యిరువది గంటలు ఆమెవి యైనప్పుడే ఆమె వానిని బిడ్డకు ఈయగలదు. స్త్రీకాలమంతయు పుట్టుకతోనే ఇంటిదని, అందులో తీరిక యనునది పనులమధ్య మిగిలిన చిల్లర యని మనము తలచునంతకాలము, ఆమె అల్లిన దుప్పటి దానము కాదు. ఇంటిసొమ్ము ఇంటికి చేరినట్లే. అట్లు తలచి, పైగా "ఎంత ప్రేమ!" అని మెచ్చుకొనుటలో అర్థమేమున్నది? ఆమె ప్రేమను నిజముగా గౌరవింపదలచినవారు, ఆ గంటలతో ఆమె వేరేమైన చేసికొనగలిగియుండెనని ముందు ఒప్పుకొనవలెను. చదువుకొనవచ్చును, నిదురింపవచ్చును, ఊరక కూర్చుండవచ్చును, కూలికి అల్లి ఆ రూకలు తనపేర దాచుకొనవచ్చును. వానినన్నిటిని విడిచి ఆమె పొట్టిదానిపై పొడుగు, పొడుగుదానిపై పొట్టి వేయుచు కూర్చున్నది. లెక్క తెలిసినకొలది ఆ యీవి పెద్దదగునే గాని చిన్నది కాదు. లెక్క వలదనువారు ప్రేమను కాపాడుచున్నామని తలతురు గాని, వారు కాపాడుచున్నది వేరొకరి సౌకర్యమును.

తన దుప్పటికి ఎన్ని గంటలు పట్టినవో ఎరిగిన స్త్రీ సంతలో వేరుగా ప్రవర్తించును, ప్రవర్తింపవలెను. లేసుగుడ్డలు పరచుకొని కూర్చున్నామెతో, "ఇంతేనా, దారమేగదా!" అని బేరమాడు నోరు ఆమెకు రాకూడదు. ఎరుగనివారు బేరమాడుట ఒక తీరు. వ్రేళ్ళు నొచ్చి, మెడ పట్టి, రాత్రి దీపపు వెలుతురున కళ్ళు మండి, ఆ పని యెట్టిదో అనుభవించినవారు బేరమాడుట మరియొక తీరు. మన చదువుకొన్న కుటుంబములలో ఈ రెండవతీరు తరచుగా కనబడుచున్నది. నా కది కష్టముగా నున్నది. ఆమెయు తీరికవేళనే అల్లినది గదా యని మనకు మనము చెప్పుకొందుము. ఆమె తీరిక మన తీరికవంటిది కాదని మనకు తెలియును.

ఈ మాసమున ఎవరైనను పసిపాప దుప్పటి మొదలిడినచో, నమూనా వ్రాసికొన్న కాగితపు అంచున ఒక గీత గీసి, కూర్చున్నప్పుడెల్ల పట్టిన నిమిషములను వ్రాసికొందురు గాక. దుప్పటి ముగిసిన దినమున కూడుడు. పిమ్మట మీ వీధిలోని దర్జీకి ఎనిమిదిగంటల పనికి ఎంత ముట్టునో అడిగి, మీ గంటలను ఆ లెక్కను హెచ్చవేసి, దారపు వెల కలుపుడు. వచ్చిన అంకెను మీ దుప్పటిమీద వ్రాయ నక్కరలేదు. కాని ఈసారి అంగడిలో చేతియల్లిక దుప్పటి కనబడినప్పుడు ఆ యంకెను మనసున నుంచుకొని దాని చీటీ చూడుడు. రెంటికిని నడుమ నున్న యంతరము దళారికిని, అంగడివానికిని, మనకును మధ్య పంచుకొనబడినది. అల్లినామె దానిని ఇచ్చుకొన్నది, ఇచ్చెదవా యని ఎవరును అడుగకుండ. న్యాయమైన వెల ఇచ్చి కొనగలవారు, అల్లువారి సహకారసంఘములు దగ్గరనున్నచో, వారియొద్దనే కొనుట మేలు. అంత వెల పెట్టజాలనివారు, అల్లుటకును వేళలేనివారు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. బీరువా అడుగున అమ్మమ్మ కట్టి విడిచిన నూలుచీరలు రెండు తప్పక యుండును. వానిని దులిపి, నాలుగు మడతలు వేసి, ఇంటిల్లిపాదియు, మగవారుకూడ, తలకొక వైపున కూర్చుండి పరుగుకుట్టు వేసినచో, రెండు సాయంకాలములలో బొంత సిద్ధమగును.